ముఖం మీద గాయం: కొలిచినవాళ్లు, రాసినవాళ్లు

ఈ ఎపిసోడ్‌లో గాయాన్ని కాగితం మీద ఎలా రాస్తారన్న దాని చరిత్ర చెప్పుకుందాం. వైద్యం చరిత్ర కాదు, రాత చరిత్ర. అదీ ముఖం మీద పడే గాయాల రాత. విషయం చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఆ రాత మీద డబ్బు ఆధారపడుతుంది, పింఛను ఆధారపడుతుంది, ఒక మనిషికి ఏడాది లోపు శిక్ష పడుతుందా ఏడేళ్ల దాకా పడుతుందా అన్నదీ ఆధారపడుతుంది.

తెలుగువాళ్లకి మెడికల్ కోడింగ్ అనే మాట కొత్త కాదు. అమీర్‌పేటలో నాలుగు అడుగులు వేస్తే కోచింగ్ బోర్డు కనిపిస్తుంది. బీఫార్మసీ చదివినవాళ్లు, లైఫ్ సైన్సెస్ డిగ్రీ చేసినవాళ్లు హైదరాబాదులో, విశాఖలో, చెన్నైలో ఈ పని చేస్తున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే మాత్రం "ఏదో హాస్పిటల్‌కి సంబంధించిన కంప్యూటర్ పని" అని చెప్పేస్తారు. అసలు పని ఏమిటంటే, అమెరికాలో డాక్టరు రాసిన నోట్సు చదివి, రోగికి ఏమైంది, డాక్టరు ఏం చేశాడు అన్న రెండింటినీ కోడ్‌లుగా మార్చడం. ఆ కోడ్‌ల మీదే ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు ఇస్తుంది, లేదా ఇవ్వనంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకాయన మెట్ల మీద పడ్డాడు. నుదుటి మీద 3 సెంటీమీటర్ల గాటు, కుడి చెంప మీద 2 సెంటీమీటర్ల గాటు. రెండూ పైపై గాయాలే, ఒక వరస కుట్లు వేశారు. కోడర్ రెండు రిపేర్లకి రెండు కోడ్‌లు వెయ్యకూడదు. ముఖమంతా ఒకే గుంపు, రెండూ ఒకే రకం కుట్లు, కాబట్టి పొడవులు కలపాలి. మూడూ రెండూ ఐదు. 2.6 నుంచి 5.0 సెంటీమీటర్ల వరకు ఒక కోడ్, 12013. అదే లోపలి పొరలకి విడిగా కుట్లు వేసి ఉంటే 12052, రేటు ఎక్కువ. కుట్లేమీ లేకుండా అంటించే పట్టీలతో సరిపెడితే రిపేరు కోడే ఉండదు, డాక్టరు చూసినందుకు మాత్రమే లెక్క. ఇక డాక్టరు పొడవు రాయడం మర్చిపోయాడనుకోండి. కోడర్ ఊహించి వెయ్యడానికి లేదు. డాక్టరును తిరిగి అడగాలి, లేకపోతే అన్నిటికంటే చిన్న కొలతకి సరిపెట్టుకోవాలి.

అంటే ఒక ముఖగాయం గురించి ఈ పద్ధతి అడిగే ప్రశ్నలు ఇవీ: ఎక్కడ, ఏ పక్క, ఎంత పొడవు, ఎంత లోతు, దేనివల్ల, ఇది మొదటిసారి చూపించుకోవడమా, తర్వాతదా. ఈ ప్రశ్నలన్నీ ఒక్కరోజున పుట్టలేదు. ఒక్కో ప్రశ్న వెనక ఒక్కో అవసరం ఉంది. నాకు ఆసక్తి కలిగించింది అదే.

పాతవాటి నుంచి మొదలుపెడదాం. సుశ్రుత సంహిత. దాని కాలం మీద పండితుల మధ్య పెద్ద వాదన ఉంది, దాన్ని ఇక్కడ పక్కన పెడదాం. అందులో చికిత్సా స్థానంలో, అప్పటికప్పుడు తగిలిన గాయాలను ఆరు రకాలుగా విడదీశారు. తెగితే ఛిన్నం. ఆయుధం దిగి లోపలి అవయవం దాకా చిల్లు పడితే భిన్నం. ములుకులాంటిది గుచ్చుకుంటే విద్ధం. పూర్తిగా తెగిందీ కాక, పూర్తిగా గుచ్చుకుందీ కాక రెండు లక్షణాలూ ఉంటే క్షతం. నలిగి చితికితే పిచ్చితం. ఒరుసుకుని చర్మం లేచిపోతే ఘృష్టం.

ఇవాళ్టి అమెరికా కోడ్ పుస్తకంలో ముఖం మీద తెరుచుకున్న గాయాలకి వాడే ఎస్01 విభాగం తీస్తే అక్కడా దాదాపు ఇదే తరహా విభజన కనిపిస్తుంది. గాటు, లోపల ఏమీ ఇరుక్కోనిది, గాటు, లోపల ఏదో ఇరుక్కున్నది, గుచ్చుకున్నది, అందులోనూ ఇవే రెండు రకాలు, కరిచినది, వివరం రాయనిది. ఇదీ ఆరే. అయితే దీన్ని పట్టుకుని "చూశారా, అన్నీ మన దగ్గర్నుంచే వెళ్లాయి" అని నేను అనను. గాయాన్ని చూసే ఎవరికైనా, తెగిందా, గుచ్చిందా, నలిగిందా అన్న ప్రశ్నే ముందు తడుతుంది. ఎందుకంటే వైద్యం దాన్ని బట్టే మారుతుంది.

సుశ్రుతలో నాకు ఇంతకంటే విలువైనదిగా అనిపించేది ఒక చిన్న సంగతి. సూత్ర స్థానం పదహారో అధ్యాయంలో తెగిన చెవితమ్మెను అతకడానికి పదిహేను పద్ధతులు చెప్పి, ఆ తర్వాత తెగిన ముక్కు గురించి చెబుతాడు. మొదట చెయ్యాల్సింది ఏమిటి? కత్తి తియ్యడం కాదు. ఒక చెట్టు ఆకు తీసుకుని, పోయిన ముక్కు ఎంత ఉందో అంత కొలతకి కత్తిరించడం. ఆ ఆకును చెంప మీద పెట్టి, అంత మేర చర్మం లేపి, ఒక పక్క వదలకుండా ఉంచి, ముక్కు మీదకి తిప్పడం. ఊపిరి ఆడటానికి రెండు గొట్టాలు పెట్టడం. అంటే ముందు కొలత, తర్వాతే కోత. ఆ ఆకు ముక్క ఉందే, అది ముఖగాయానికి మనకి తెలిసిన పాత రికార్డుల్లో ఒకటి అని నేనంటాను. ఆపరేషన్ అయ్యాక పారేసే రికార్డు, అంతే తేడా.

ఇక్కడి నుంచి ఒక్కసారిగా 18వ శతాబ్దం చివరికి, మైసూరు యుద్ధానికి వెళ్దాం.

ముక్కు కోయడం మన దేశంలో పాత శిక్ష. శూర్పణఖ కథ తెలియని ఇల్లు లేదు. ముక్కు పోతే పరువు పోయినట్టే. మూడో మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎద్దుల బండ్లు తోలే కవాస్జీ అనే మరాఠా మనిషి టిప్పు సైన్యానికి చిక్కాడు. అతని ముక్కు, ఒక చెయ్యి కోసేసి వదిలేశారు. దాదాపు ఏడాది అలాగే ఉన్నాడు. ఆ తర్వాత పుణె దగ్గర ఒక మనిషి అతనికి కొత్త ముక్కు పెట్టాడు. ఈ సంగతి 1794 అక్టోబరులో లండన్‌లో వెలువడే జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో ఒక ఉత్తరంగా, బొమ్మతో సహా అచ్చయింది. ఉత్తరం కింద పేరు లేదు, రెండు పొడి అక్షరాలు మాత్రమే, బి. ఎల్. అని.

ఆ ఉత్తరాన్ని ఒక కేసు షీటులా చదివితే ఆశ్చర్యం వేస్తుంది. అందులో ఉన్న వివరాలు నా మాటల్లో చెబుతాను. పలచటి మైనం రేకును మిగిలిన ముక్కు మొండెం మీద పెట్టి మంచి ముక్కు ఆకారం తెస్తారు. ఆ మైనాన్ని చదును చేసి నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీస్తారు. సుశ్రుత ఆకు ఇక్కడ మైనం అయింది, చెంప చర్మం బదులు నుదుటి చర్మం వచ్చింది. కానీ ముందు కొలత అన్న పద్ధతి అదే. గీత ప్రకారం నుదుటి చర్మం లేపి, రెండు కళ్ల మధ్య సన్నటి తొడిమ మాత్రం తెగకుండా ఉంచి, సగం మెలితిప్పి కిందికి దించుతారు. నెత్తురు ఆ తొడిమ ద్వారా పారుతుంది. అతుకుల మీద వేసే కట్టు ఏమిటో తెలుసా? కాచు. తాంబూలంలో వేసుకునే కాచే. దాన్ని నీళ్లతో మెత్తగా చేసి గుడ్డ పీలికల మీద పూసి, ఐదారు పీలికలు ఒకదాని మీద ఒకటి అంటిస్తారు. నాలుగు రోజుల తర్వాత తీసేసి నెయ్యిలో తడిపిన గుడ్డలు. పదో రోజున ముక్కు రంధ్రాల్లో మెత్తటి గుడ్డ ముక్కలు. ఇంచుమించు ఇరవై ఐదో రోజున ఆ తొడిమ కోసేస్తారు.

రోజులు లెక్కపెట్టి రాశారు, గమనించండి. ఎన్నో రోజున ఏం చేశారు అన్నది రాసి ఉంటేనే మరొకడు ఆ పని మళ్లీ చెయ్యగలడు. చేశాడు కూడా. లండన్‌లో జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ ఈ పద్ధతిని శవాల మీద ఏళ్ల తరబడి సాధన చేసి, 1814లో బతికున్న మనిషి మీద చేసి, 1816లో రెండు కేసులతో పుస్తకం వేశాడు. బెర్లిన్‌లో గ్రేఫే 1818లో ఇంకో పుస్తకం రాశాడు. పుణె దగ్గర జరిగిన పని యూరప్‌కి వెళ్లింది చేతివాటంగా కాదు, కాగితంగా.

కానీ ఆ కాగితంలో ఒక ఖాళీ ఉంది. రోగి పేరు ఉంది. అతని కులం ఉంది, పని ఉంది, కంపెనీ నుంచి పింఛను వస్తోందన్న సంగతీ ఉంది. ఇలాంటి ఆపరేషన్ కళ్లారా చూసిన ఇద్దరు బొంబాయి డాక్టర్ల పేర్లు ఉన్నాయి. బొమ్మ గీసిన జేమ్స్ వేల్స్ పేరు మనకి తెలుసు. ఆపరేషన్ చేసినవాడి పేరు మాత్రం లేదు! ఇటుకలు చేసే కులంవాడు అని రాసి ఊరుకున్నారు. ఇవాళ ఏ అమెరికా బిల్లయినా చూడండి, చేసిన డాక్టరు పది అంకెల గుర్తింపు నంబరు లేకపోతే అది కదలదు. ప్రపంచ ప్లాస్టిక్ సర్జరీని మలుపు తిప్పిన ఆపరేషన్‌కి ఆ గడి ఖాళీ.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ బొమ్మ 1792 యుద్ధానికీ, శ్రీరంగపట్నం పడిపోయిన 1799కీ మధ్య అచ్చయింది. టిప్పు ఎంత క్రూరుడో చూపించడానికి కూడా ఆ ముఖం పనికొచ్చింది. అది వైద్య రికార్డు అవునో కాదో గానీ, రాజకీయ రికార్డు మాత్రం అవును. రాసినవాడి అవసరం రాతలోకి వస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

తర్వాతి పెద్ద మలుపు మొదటి ప్రపంచ యుద్ధం. కందకాల్లో నిలబడ్డ సైనికుడికి ఒళ్లంతా మట్టి కింద, తల మాత్రం పైన. కాబట్టి ముఖానికి తగిలిన దెబ్బలు అంతకుముందు ఏ యుద్ధంలోనూ లేనంత. న్యూజిలాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో చెవి ముక్కు గొంతు డాక్టరుగా ఉన్న హెరాల్డ్ గిల్లీస్, 1916 మొదట్లో ఆల్డర్‌షాట్ సైనిక ఆసుపత్రిలో ముఖగాయాలకి ప్రత్యేక వార్డు పెట్టించాడు. వార్డు వచ్చింది, రోగులు ఎలా వస్తారు? యుద్ధరంగం నుంచి క్షతగాత్రులు ఎటు పడితే అటు వెళ్లిపోతున్నారు. గిల్లీస్ ఏం చేశాడంటే, లండన్‌లో స్ట్రాండ్ వీధిలో ఒక స్టేషనరీ కొట్టుకి వెళ్లి, పది పౌండ్లు పెట్టి సామాన్లకి కట్టే లేబుళ్లు కొన్నాడు. వాటి మీద తన ఆసుపత్రి చిరునామా వేసి ఫ్రాన్స్‌కి పంపించే ఏర్పాటు చేశాడు. కొద్ది రోజుల్లో ఆ లేబుళ్లు చొక్కాలకి గుచ్చుకుని సైనికులు దిగడం మొదలైంది.

నాకు ఈ లేబుల్ కథ చాలా ఇష్టం. ఇవాళ్టి కోడ్ చేసేది ఇదే పని కదా. ఈ గాయం ఏ రకం, దీన్ని ఎవరి దగ్గరికి పంపాలి అని మాటలు లేకుండా చెప్పడం. 1916 జులై 1న సోమ్ యుద్ధం మొదలైనప్పుడు అదనంగా రెండొందల మంది వస్తారని గిల్లీస్ సిద్ధమైతే, దాదాపు రెండు వేల మంది వచ్చారు. 1917లో సిడ్‌కప్‌లో క్వీన్స్ హాస్పిటల్ తెరిచారు. అక్కడ 5,000 మందికి పైగా సైనికులకి 11,000కి పైగా ఆపరేషన్లు జరిగాయి. అంటే ఒక్కొక్కరికి సగటున రెండుకి పైన. ముఖం ఒక్కసారికి బాగయ్యేది కాదు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు. అందువల్ల ఒక్క నోట్సు సరిపోదు, ఫైలు కావాలి.

ఆ ఫైళ్లు ఇవాళ లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో ఉన్నాయి. వాటిలో నాలుగు రకాల రాత కనిపిస్తుంది. టైపు చేసిన నోట్సు. ఎక్కడ కోసి ఎటు తిప్పారో చూపే గీతల బొమ్మలు. ఫొటోలు, వచ్చిన రోజువి, మధ్యలోవి, వెళ్లేటప్పటివి. నాలుగోది రంగు బొమ్మలు. గీసినవాడు హెన్రీ టాంక్స్. ఆయన మొదట సర్జన్, తర్వాత చిత్రకారుడై స్లేడ్ ఆర్ట్ స్కూలులో పాఠాలు చెప్పేవాడు. అప్పటి ఫొటోలు నలుపు తెలుపు. వాటిలో ఎర్రగా వాచిన కండ ఏదో, నల్లబడి చచ్చిన కండ ఏదో తేడా తెలియదు. టాంక్స్ రంగు సుద్దలతో ఆ తేడా పట్టుకున్నాడు. ఆ బొమ్మల్ని అందరికీ చూపించడం మాత్రం ఆయనకి ఇష్టం ఉండేది కాదు. బొమ్మలు కాక ముఖాలకి ప్లాస్టర్ అచ్చులు కూడా తీసేవాళ్లు. మైనం రేకు ఇప్పుడు నిండు ముఖమైంది.

ఒక వైపు ఇంత వివరంగా రికార్డు చేస్తుంటే, ఇంకో వైపు వార్డుల్లో అద్దాలు ఉండనిచ్చేవారు కాదు. ప్రతి కోణం నుంచి ఫొటో తీసిన ముఖాన్ని, ఆ ముఖం ఉన్నవాడు మాత్రం చూడకూడదు. ఆసుపత్రి నుంచి ఊళ్లోకి వెళ్లే దారిలో కొన్ని బెంచీలకి నీలం రంగు వేశారట. వాటి మీద కూర్చునేది ఎవరో ఊరివాళ్లు ముందే తెలుసుకుని తల తిప్పుకోవడానికి. అదీ ఒక రకం కోడే.

తర్వాత పింఛను లెక్కలు వచ్చాయి. బ్రిటిష్ పట్టికలో ఏ అవయవం పోతే ఎంత శాతం అని ఉండేది. అందులో ముఖం అతి ఘోరంగా వికృతమైతే 100 శాతం వైకల్యం కింద రాశారు, రెండు అవయవాలు పోయినవాళ్లతో సమానంగా. ఆలోచించండి, ఆ మనిషి నడవగలడు, బరువులు ఎత్తగలడు, లెక్కలు రాయగలడు. కానీ ఆ ముఖంతో ఎవరూ పని ఇవ్వరని గుమాస్తాల పట్టికే ఒప్పుకుంది. ఈ 100 అంకె దగ్గరికి చివర్లో మళ్లీ వస్తాను.

ఇక కోడ్ పుస్తకం సంగతి. ఇది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇందులో ఎక్కువ భాగం కమిటీల చరిత్ర. పారిస్ నగర గణాంక శాఖ పెద్ద జాక్ బెర్టియాన్ తయారుచేసిన జాబితాను 1893లో షికాగో సమావేశంలో ఆమోదించారు. అది ప్రధానంగా చావు కారణాల జాబితా. కాబట్టి మనిషిని చంపని గాయానికి అందులో పెద్ద చోటు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో ఆరో సవరణ చేసినప్పుడు రోగాలూ గాయాలూ పూర్తిగా లోపలికి వచ్చాయి. డాక్టరు చేసిన పనికి కోడ్‌లు ఇచ్చే పుస్తకం వేరు, దాన్ని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో మొదలుపెట్టింది. అమెరికాలో పాత తొమ్మిదో సవరణ ఉన్నన్నాళ్లూ చెంప గాయానికి 873.41 అని వేస్తే సరిపోయేది. కుడి చెంపా ఎడమ చెంపా ఎవరూ అడగలేదు. 2015 అక్టోబరు 1న పదో సవరణకి మారాక పక్క వచ్చింది, చివర్లో ఏడో అక్షరం వచ్చింది. చికిత్స జరుగుతుంటే ఏ, మానే దశలో చూపించుకుంటే డి, మానాక మిగిలిన మచ్చలాంటి ఫలితానికి ఎస్.

ఇప్పుడు సరదాకి, కవాస్జీ కేసు ఇవాళ ఒక కోడర్ బల్ల మీదకి వచ్చిందనుకుందాం. ముక్కు తెగి ఏడాదైంది కాబట్టి ఇది తాజా గాయం కాదు. ముందు ముక్కు లేకపోవడానికి ఎం95.0, దాని వెనక ముక్కు పూర్తిగా తెగిపోయిన గాయం తాలూకు ఫలితంగా ఎస్08.811, చివర ఎస్. కారణం యుద్ధ చర్య, వై36 కింద. నుదుటి చర్మాన్ని తొడిమతో దించిన పనికి 15731. ఇరవై ఐదో రోజున తొడిమ కోసినందుకు 15630, అది ముందే అనుకున్న రెండో దశ కాబట్టి 58 అనే మాడిఫయర్. కాచు పట్టీలకి విడిగా ఏమీ రాదు. ఇంత చేశాక, చేసిన డాక్టరు పేరు గడి ఖాళీగా ఉందని క్లెయిమ్ వెనక్కి వస్తుంది.

సరే, ఇదంతా అమెరికా బిల్లుల సంగతి. మన ఊళ్లో ముఖగాయాన్ని ఎవరు రాస్తారు? ఏ కొట్లాటలోనో, ఇంట్లో జరిగిన దెబ్బలాటలోనో గాయపడ్డ మనిషిని పోలీసులు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తే, డ్యూటీ డాక్టరు రాసే కాగితం ఉంటుంది. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా అందరూ దాన్ని వూండ్ సర్టిఫికెట్ అనే అంటారు. గాయం ఎక్కడ, పొడవు వెడల్పు లోతు ఎంత, ఎలాంటి ఆయుధంతో అయి ఉండొచ్చు, ఎంతసేపటి కిందటిది. చివర్లో ఒక్క మాట: సాధారణ గాయమా, తీవ్ర గాయమా.

ఆ ఒక్క మాట వెనక 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ ఉంది. దాని 320వ సెక్షన్ తీవ్ర గాయం అంటే ఏమిటో ఎనిమిది రకాలుగా చెప్పింది. ఆరో రకం, తల గానీ ముఖం గానీ శాశ్వతంగా వికృతం కావడం. ఏడో రకం, ఎముక గానీ పన్ను గానీ విరగడం, లేదా కీలు తప్పడం. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 116వ సెక్షన్, ఈ రెండు రకాలూ అలాగే ఉన్నాయి. సాధారణ గాయానికి శిక్ష ఏడాది దాకా, తీవ్ర గాయానికి ఏడేళ్ల దాకా. ప్రమాదకర ఆయుధం ఉంటే లెక్క మళ్లీ మారుతుంది.

ఇక్కడే చిక్కు. ముక్కు ఎముక విరిగితే ఎక్స్‌రే చూపిస్తుంది, రుజువు చెయ్యడం తేలిక. చెంప మీద కత్తి గాటు శాశ్వత వికృతమా కాదా అన్నది గాయమైన రాత్రి ఎవరు చెప్పగలరు? మచ్చ నెలల తరబడి మారుతుంది. డాక్టరు అభిప్రాయం వాయిదా వెయ్యొచ్చు, తర్వాత మళ్లీ పరీక్షించి రాయొచ్చు. అయితే దానికి గాయపడ్డ మనిషి మళ్లీ రావాలి, ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని రప్పించాలి. అమెరికా కోడ్‌లో మచ్చకి ఒక అక్షరం కేటాయించి ఉంది. మన సర్టిఫికెట్ ఆ మొదటి రాత్రే నిలబడిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడమనిషిని తల్చుకోండి. ఆ రాత్రి కాగితం మీద "చెంపపై గాయం, సాధారణం" అని పడితే, ఆర్నెల్ల తర్వాత అద్దంలో కనిపించే మచ్చ కోర్టులో కనిపించకపోవచ్చు. హైదరాబాదులో కూర్చుని ఎక్కడో టెక్సాస్ మనిషి చెంప గాటును మిల్లీమీటర్ల దాకా పట్టించుకునే నైపుణ్యం మన పిల్లలకి ఉంది. ఆ పట్టింపు వెనక డబ్బు ఉంది. ఇక్కడ ఆ అవసరం ఎవరికీ పడలేదు, బాధితురాలికి తప్ప.

చట్టం ఈ శాశ్వతం అన్న చిక్కును ఒక్క చోట మాత్రం విప్పింది. యాసిడ్ దాడుల మీద 2013లో తెచ్చిన 326ఎ సెక్షన్‌లో, నష్టం శాశ్వతమైనా పాక్షికమైనా అని రాసి, అది తిరిగి బాగుకానిదై ఉండాల్సిన అవసరం లేదని కింద వివరణ కూడా ఇచ్చింది. కనీస శిక్ష పదేళ్లు. ఇప్పుడు అది కొత్త సంహితలో 124.

కానీ యాసిడ్ పడ్డ ముఖాన్ని కోడ్ పుస్తకంలో వెతికితే ఎస్01లో దొరకదు. అది తెగిన గాయం కాదు, రసాయనంతో కాలినది, టి20 కింద వస్తుంది. అక్కడ సెంటీమీటర్లు పనికిరావు, ఒంటి మీద ఎంత శాతం కాలింది అన్నది లెక్క. డాక్టర్లు వాడే తొమ్మిదుల సూత్రంలో పెద్దవాళ్ల తల, మెడ మొత్తం కలిపి 9 శాతం. ముందు భాగం అంతా పోయినా నాలుగున్నర. ఆ శాతం ప్రాణాపాయం ఎంత, సెలైన్ ఎంత ఎక్కించాలి అని చెప్పడానికి పెట్టింది, దాని పని అది సరిగ్గానే చేస్తుంది. 1917 నాటి పింఛను గుమాస్తా పట్టికలో అదే ముఖం 100.

మన దగ్గర 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో యాసిడ్ దాడి బాధితులను చేర్చింది. ఏ శీర్షిక కింద అని చూస్తే, చలన వైకల్యం కింద. కాళ్లూ చేతులూ కదలనివాళ్ల పక్కన. ముఖానికి విడిగా శీర్షిక లేదు.